పెండ్లి ప్రకటన నాటికే మొదలుకావలసిన మాత్ర

మన సంఘాలలో అనేకచోట్ల పెండ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారునికి, ఫలానా వారి కుమార్తెకు వివాహం నిశ్చయమైంది, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవలెను అని. మైపాడు మొదలుకొని కృష్ణపట్నం దాకా, ఇటు ఇసకపల్లి, జువ్వలదిన్నె వైపు ఏ పాళెంలో చూసినా కొత్త కాపురం మొదలుకాబోతోందని ఆశా కార్యకర్తకంటే, నర్సమ్మకంటే ముందు అధికారికంగా తెలిసేది సంఘ కాపరికే. వాళ్ళకు తెలిసేది అమ్మాయికి నెల తప్పిన తరువాత. బిడ్డ వెన్నెముకకు సంబంధించిన ఒక జబ్బు విషయంలో ఈ రెంటికీ మధ్య ఉన్న కొద్ది నెలలే కీలకం. ఆ జబ్బు పేరు స్పైనా బైఫిడా. తెలుగులో చెప్పాలంటే చీలిన వెన్ను.

తల్లి కడుపులో పిండం రూపుదిద్దుకునే తొలి వారాలలో మెదడు, వెన్నుపాము మొదట ఒక పలుచని పొరలాగా ఉంటాయి. పరచిన చాప రెండు అంచులూ పైకి లేచి ఒకదానినొకటి కలుసుకున్నట్టు ఆ పొర ముడుచుకొని గొట్టంగా మారుతుంది. దీనినే వైద్యులు న్యూరల్ ట్యూబ్ అంటారు. ఈ పని గర్భం నిలిచిన 28 రోజులలోపే ముగిసిపోతుంది. తలవైపు గొట్టం మూసుకోకపోతే మెదడు, పుర్రె ఏర్పడవు, ఆ బిడ్డ బ్రతకదు. కింది భాగంలో ఎక్కడైనా మూసుకోకపోతే వెన్నెముకలో సందు మిగిలిపోతుంది. అదే స్పైనా బైఫిడా. మన దేశంలో జరిగిన పలు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ఈ రెండు రకాలూ, వీటికి దగ్గరివీ కలిపి వేయి జననాలకు సుమారు నాలుగు చొప్పున కనిపించాయి. అరుదైన జబ్బు అనుకొని పక్కన పెట్టదగినది కాదు.

అందరిలోనూ ఇది ఒకేలా ఉండదు. కొందరిలో ఎముకలో చిన్న సందు మాత్రమే ఉంటుంది. చర్మం మూసుకొనే ఉంటుంది, ఏ బాధా ఉండదు, వేరే దేనికో ఎక్స్‌రే తీసినప్పుడు బయటపడుతుంది. కొందరిలో వెన్నుపాము పైపొరలు నీటితిత్తిలాగా బయటికి ఉబ్బుతాయి. కష్టమైనది మూడో రకం. అందులో ఆ తిత్తిలోకి వెన్నుపాము, నరాలు కూడా వచ్చేస్తాయి. ఆ చోటునుంచి కిందికి వెళ్ళే నరాలు సరిగా పనిచేయవు. కాళ్ళలో బలం తగ్గుతుంది లేదా అసలు ఉండదు. పాదాలు వంకర తిరగవచ్చు. మూత్రం, మలం మీద పట్టు ఉండదు. వీరిలో చాలామందికి తలలో నీరు చేరి తల పెరుగుతుంది. అయినా వేళకు చికిత్స అందితే చాలామంది పిల్లలు తోటిపిల్లలలాగే బడిలో చదువుకోగలరు. తిత్తిని చూసి మనసు చెదిరినవాళ్ళకు మొదట చెప్పవలసిన మాట ఇది.

ఇప్పుడు లెక్క చూడండి. 28 రోజులంటే నెలసరి తప్పిన తరువాత రెండు వారాలైనా గట్టిగా కాదు. ఆ సమయానికి ఎంతమంది పరీక్ష చేయించుకుంటారు? పెండ్లయిన కొత్తలో సిగ్గుపడి అత్తగారికి చెప్పేసరికే రెండో నెల వస్తుంది. అప్పుడు కార్డు రాయించుకొని మాత్రలు తెచ్చుకుంటారు. ఆ మాత్రలు తల్లి రక్తానికి, బిడ్డ ఎదుగుదలకు మేలు చేస్తాయి, తప్పక వేసుకోవాలి. వెన్ను మూసుకుందా లేదా అన్నది మాత్రం అప్పటికే తేలిపోయి ఉంటుంది.

అందువల్ల పెండ్లి నిశ్చయమైన నాడే మొదలుపెట్టవలసిన మాత్ర ఒకటుంది. దాని పేరు ఫోలిక్ యాసిడ్. ఇది బి విటమిన్లలో ఒకటి. దీని వెనుక కథ మన తెలుగువాళ్ళు తెలుసుకోదగినది. 1920ల చివర లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులైన మిల్లు కార్మిక స్త్రీలలో తీవ్రమైన రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్‌లో ఉన్న ఏదో పదార్థం దానిని నయం చేస్తున్నదని కనిపెట్టారు. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది 1945 ప్రాంతంలో అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధకులు. వారికి నాయకుడు 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో తన అన్నదమ్ములను పోగొట్టుకున్న మనిషి ఆయన. ఆ జబ్బుకూ ఫోలిక్ యాసిడే మందయింది. పుట్టబోయే బిడ్డల వెన్నును కూడా అది కాపాడుతుందని తెలియకముందే, 1948లో ఆయన కన్నుమూశారు. ఏడు దేశాలలో జరిగిన ఒక పెద్ద పరిశోధన 1991లో ఆ సంగతిని తేల్చింది. అంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందునుంచి ఫోలిక్ యాసిడ్ వాడితే, మళ్ళీ అలా జరిగే అవకాశం 72 శాతం తగ్గింది.

సాధారణంగా స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి కనీసం నెల ముందునుంచి మూడో నెల నిండేదాకా కావాలి. ముందు ఇలాంటి బిడ్డ పుట్టి ఉంటే మోతాదు దాదాపు పదింతలు, అది డాక్టరు రాసివ్వాలి. మూర్ఛకు మందులు వాడేవారు, షుగరు ఉన్నవారు పెండ్లికి ముందే డాక్టరుతో మాట్లాడాలి. మూర్ఛ మందులలో వాల్‌ప్రోయేట్ అనేది ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. అలాగని సొంతంగా ఆపేస్తే మూర్ఛ తిరగబెట్టి ప్రాణానికే ముప్పు, మందు మార్చవలసింది డాక్టరే. బడిలో ఆడపిల్లలకు వారానికొకసారి ఇచ్చే నీలం రంగు మాత్రలోనూ ఫోలిక్ యాసిడ్ ఉంటుంది గానీ, వారానికొక మాత్ర రోజూ వేసుకునే మాత్రకు బదులు కాదు.

తిండి మాటేమిటని అడుగుతారు. తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు, సెనగలు, వీటన్నిటిలో ఈ విటమిన్ సహజంగా ఉంటుంది. కాకపోతే ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే చాలావరకు పోతుంది. మన తీరంలో రోజూ చేపల పులుసు ఉంటుంది, మంచి ఆహారమే, కానీ ఈ ఒక్క విషయంలో పప్పు, ఆకుకూర చేసే పని చేప చేయదు. రేషను బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 చేర్చిన గింజలు కలుపుతూ వచ్చారు. చూడటానికి కొంచెం తేడాగా ఉండేసరికి అవి ప్లాస్టిక్ బియ్యమని పుకారు పుట్టింది. ఏరి పారేసిన ఇళ్ళూ ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదు, బియ్యపు పిండిలో విటమిన్లు కలిపి గింజలుగా ఒత్తినవే.

మాత్ర వేసుకున్నా కొందరు బిడ్డలకు ఈ లోపం రావచ్చు. వంశంలో వచ్చే కారణాలున్నాయి, తెలియని కారణాలూ ఉన్నాయి. ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, బిడ్డ ఇలా పుట్టగానే నేరం తల్లిమీద మోపడం మన ఇళ్ళలో తేలిక. గ్రహణం నాడు కదిలింది, కత్తి పట్టింది, ఇంట్లో ఎవరో పాపం చేశారు అంటారు. విశ్వాసుల నోట కూడా ఈ మాటలు వినబడతాయి. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో శిష్యులు పుట్టుగ్రుడ్డివానిని చూసి అడిగింది సరిగ్గా ఇదే, పాపం వీనిదా, వీని కన్నవారిదా అని. ప్రభువు ఆ రెండూ కాదన్నాడు. అంతటితో ఆగక నేలమీదికి వంగి బురద కలిపి, ఆ మనిషి కన్నులకు చేయవలసిన పని మొదలుపెట్టాడు. గ్రహణానికీ వెన్నుకూ సంబంధం లేదు.

అయిదో నెలలో తీసే టిఫా స్కాన్‌లో ఈ లోపం చాలావరకు తెలిసిపోతుంది. తెలిసిన రోజున ఏ నిర్ణయానికీ పరుగెత్తవద్దని మా మనవి. చీలిక ఎంత పైన ఉంది, తలలో నీరు ఉందా అన్నదానిని బట్టి బిడ్డ భవిష్యత్తు మారుతుంది. పిల్లల న్యూరోసర్జన్‌ను కలిసి మాట్లాడిన తరువాతే ఏదైనా. కాన్పు మాత్రం పెద్ద ఆసుపత్రిలో జరగాలి. ముందు తెలియక చిన్నచోట పుడితే ఆ తిత్తిమీద పసుపు, ఆకుపసరు, నూనె ఏదీ పెట్టకూడదు. సెలైన్‌తో తడిపిన శుభ్రమైన గాజుగుడ్డ కప్పి, బిడ్డను బోర్లా లేదా పక్కకు పడుకోబెట్టి వెంటనే తరలించాలి. ఆపరేషన్ మొదటి రెండు మూడు రోజులలో జరిగితే మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకే ప్రమాదం తగ్గుతుంది. తలలో నీరు చేరితే దానిని పొట్టలోకి దింపే సన్నని గొట్టం, షంట్, అమరుస్తారు. తెరచిన వెన్నుతో ఉన్న పసికందును స్వస్థత కూటాల చుట్టూ తిప్పుతూ ఈ రోజులను పోగొట్టడం విశ్వాసం కాదు. ప్రార్థన ఆపరేషన్ గది బయట కూడా చేయవచ్చు. మనవాళ్ళు రాయవేలూరు అని పిలుచుకునే వెల్లూరు సి.ఎం.సి.లో 1949లో డాక్టర్ జేకబ్ చాండీ గారు మన దేశంలోనే మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని ప్రారంభించారు. అదీ ప్రార్థించే చేతులు కట్టిన ఆసుపత్రే. ఖర్చుల విషయంలో ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను మొదటిరోజే కలవండి.

ఆపరేషన్‌తో వెన్ను మూసుకుంటుంది, పోయిన నరాల బలం తిరిగిరాదు. ఆ తరువాతి జీవితంలో ప్రాణం తీయగలిగేది కాళ్ళ బలహీనత కాదు, మూత్రపిండాలు. మూత్రం పూర్తిగా బయటికి రాక వెనక్కి తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. దీనికి మందు చాలా సాదా. 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ చూపించిన పద్ధతి ప్రకారం, చేతులు శుభ్రంగా కడుక్కొని, శుభ్రమైన సన్నని గొట్టంతో రోజుకు కొన్నిసార్లు మూత్రాన్ని తీసివేయడమే. తల్లి నేర్చుకోగలదు, కొంచెం పెరిగాక బిడ్డే చేసుకోగలడు. అయితే బడిలో తలుపున్న, నీళ్ళున్న మరుగుదొడ్డి కావాలి. ఎంతోమంది పిల్లల చదువు ఆగేది నడవలేక కాదు, ఈ ఒక్క వసతి లేక, బట్టలు తడిసి సిగ్గుపడి. మన గుడులలో కూడా ఎన్నింటిలో అటువంటి గది ఉందో చూసుకోవచ్చు.

మన తీరంలో మరొక జాగ్రత్త. ఈ పిల్లల పాదాలకు స్పర్శ ఉండదు. మధ్యాహ్నపు ఇసుక కాలుతున్నా, ఆల్చిప్ప కోసినా, మోటారు సైకిలు సైలెన్సరు తగిలినా వాళ్ళకు తెలియదు. పుండు పడి ఎముక దాకా వెళ్ళిన తరువాత కనబడుతుంది. చెప్పులు లేకుండా ఇసుకలోకి దింపవద్దు. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్ళు, పిరుదులు చూడండి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే పింఛను వస్తుంది. కాగితాలు చేయించేందుకు సంఘంలో చదువుకున్న యువకుడొకడు తోడు వెళితే ఆ తల్లికి రెండు రోజుల కూలి మిగులుతుంది.

సండేస్కూలు టీచర్లకు ఒక్క మాట. స్పైనా బైఫిడా ఉన్న పిల్లలలో చాలామందికి రబ్బరు, అంటే లేటెక్స్, పడదు. పసితనం నుంచి ఆపరేషన్లలో, గొట్టాలతో దాని స్పర్శ ఎక్కువగా ఉండటమే కారణం. కొందరికి ఊపిరి ఆడనంత తీవ్రంగా వస్తుంది. పుట్టినరోజులకు, క్రిస్మస్‌కు మనం కట్టే బెలూన్లు ఆ రబ్బరువే. అటువంటి బిడ్డ మీ తరగతిలో ఉంటే ఈసారి కాగితపు నక్షత్రాలు కట్టండి.