ఇంజను ఆయిలు కారడం

మోటారు వాహనపు ఇంజనులోని కందెన నూనె సీళ్ళు, గాస్కెట్లు, బోల్టుల సందుల గుండా బయటికి రావడాన్ని ఇంజను ఆయిలు కారడం అంటారు. కారు నిలిపిన చోట నేలపై మరకలు దీనికి తొలి గుర్తు. అయితే ప్రతి మరకా ఆయిలు కాదు. ఏసీ నుండి పడేది నీరు; ఆకుపచ్చగా లేదా గులాబి రంగులో ఉండేది సాధారణంగా కూలెంటు. ఇంజను ఆయిలు తేనె రంగు మొదలు నలుపు వరకు ఉంటుంది.

చుక్క పడిన చోటనే లోపమున్నదనుకోవడం పొరపాటు. ఆయిలు పైనుండి కిందికి జారుతుంది. బండి నడిచేటప్పుడు గాలి దానిని వెనుకకు నెడుతుంది. అందుచేత వాల్వు కవరు గాస్కెటు నుండి కారినది ఆయిలు పాన్ వద్ద కనిపించి, నిష్కారణంగా పాన్ విప్పించే ఖర్చు తెచ్చిపెడుతుంది. ఇంజను చల్లారిన తరువాత జిడ్డంతా తుడిచి, కొంతదూరం నడిపి చూడాలి. తడిసిన భాగాలలో అన్నిటికంటే పైన, ముందువైపున ఉన్నదానిని మొదట అనుమానించాలి.

ఆయిలు మార్చిన వెంటనే కారడం మొదలైతే డ్రెయిన్ బోల్టు వాషరును, ఫిల్టరు రబ్బరు రింగును చూడాలి. పాత రింగు ఇంజనుకే అంటుకొని ఉండగా కొత్త ఫిల్టరు బిగించడం అనుభవజ్ఞులు కూడా చేసే తప్పు. వాల్వు కవరు గాస్కెటును చాలా కార్లలో ఇంటివద్దనే మార్చుకోవచ్చు. బోల్టులను తయారీదారు సూచించిన మేరకే బిగించాలి. మితిమీరితే కవరు వంగి లీకు పెరుగుతుంది. కొత్త గాస్కెటు కూడా నిలవకపోతే, పీసీవీ వాల్వు పూడిపోయి లోపలి పీడనం పెరిగినదేమో పరీక్షించాలి. క్రాంకుషాఫ్టు వెనుక సీలు మార్చడానికి సాధారణంగా గేరుబాక్సు దించాలి, కనుక అది మెకానిక్కు పని.

కేవలం జాకీని నమ్మి కారు కిందికి వెళ్ళరాదు, స్టాండ్లు తప్పనిసరి. వేడి ఎగ్జాస్టు గొట్టంపై పడిన ఆయిలు మండే ప్రమాదమున్నది. ఆయిలు పీడనపు దీపం వెలిగితే వెంటనే బండిని పక్కకు తీసి ఇంజను ఆపాలి.