టీటీఈ చేతిలో పేర్ల వరుస

ఖరగ్‌పూర్ ట్రాఫిక్ క్వార్టర్లలో తెలుగు మాట ఇవాళ్టిది కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి పనికొచ్చిన కుటుంబాలు ఇక్కడే ఉండిపోయాయి. పండక్కి ఊరెళ్లడానికి ఈస్ట్ కోస్ట్ ఎక్కితే, టీటీఈ చేతిలో ఇప్పుడు కాగితం చార్టు బదులు చిన్న యంత్రం కనిపిస్తోంది. వెయ్యిమంది ఉన్న బండిలో మన వివరాలు అది క్షణంలో ఎలా తీస్తుంది?

మొదటి పేరు నుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే వెయ్యిసార్లు చూడాల్సి రావచ్చు. అదే పీఎన్ఆర్ నంబర్లు చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరుసగా ఉంటే, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని చూస్తే చాలు. మనది అంతకన్నా పెద్దదైతే చిన్న నంబర్లున్న సగం అక్కర్లేదు. వెయ్యి అయిదొందలవుతుంది, తర్వాత రెండొందల యాభై. మహా అయితే పది చూపుల్లో దొరుకుతుంది. నిఘంటువులో మాట వెతికేటప్పుడు మనం చేసేదీ ఇదే.

అయితే పెట్టె వెంట నడిచే టీటీఈకి బెర్తుల వరుస కావాలి, వెతుకులాటకేమో పీఎన్ఆర్ వరుస. అందుకని వివరాలను అటూ ఇటూ జరపనక్కర్లేదు. ఏ నంబరు వివరాలు ఎక్కడున్నాయో చెప్పే చిన్న సూచిక విడిగా ఉంచుకుంటే సరిపోతుంది.

వరుస కట్టడంలో ఒక చిక్కుంది. పెట్టెల పేర్లను ఉత్తి అక్షరాలుగా చూస్తే ఎస్1 తర్వాత ఎస్10 వస్తుంది, ఆ తర్వాతే ఎస్2. యంత్రం ఎడమ నుంచి ఒక్కో గుర్తునే పోలుస్తుంది, దానికి పది అనే లెక్క తెలియదు. అక్షరాన్ని, అంకెను వేరుచేసి దాచితేనే వరుస కుదురుతుంది.

చేతి యంత్రాలకు ఇలా తక్కువ పనితో గట్టెక్కే పొదుపు మొదటి నుంచీ ప్రాణం. 1996లో వచ్చిన పామ్ వాళ్ల చేతి యంత్రం పైలట్ 1000లో ఉన్న మెమరీ 128 కిలోబైట్లే. చిందరవందరగా ఉన్న జాబితాకు క్విక్ సార్ట్, ఇప్పటికే దాదాపు వరుసలో ఉన్నదానికి ఇన్సర్షన్ సార్ట్ అని దాని ప్రోగ్రామర్లకు రెండు దారులుండేవి. రెండోది కొత్తగా వచ్చిన ఒకటి రెండింటిని వాటి చోట్లో దూర్చేస్తుంది, మిగతా జాబితాను పెద్దగా కదపదు. స్టేషను స్టేషనుకూ నలుగురైదుగురి వివరాలు మాత్రమే మారే చార్టుకు ఇలాంటి పద్ధతే అచ్చంగా సరిపోతుంది.

అసలు కష్టమంతా పేర్లతోనే, అందులోనూ మన పేర్లతో. మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఇక్కడి ఫారాల్లో చివర రాయాలి. దాంతో చాలామందికి 'రావు' ఇంటిపేరైపోతుంది. శ్రీనివాస్‌ను ఇంగ్లీషులో ఒకరు ఒక 'ఐ'తో రాస్తారు, మరొకరు రెండు 'ఈ'లతో. ఆ ఒక్క తేడాకే జాబితాలో ఇద్దరి మధ్యా ఎంతో దూరం పడిపోతుంది. సగం సగం కొట్టేస్తూ వెళ్లే వెతుకులాట ఒకసారి తప్పు సగంలోకి వెళ్లిందంటే వెనక్కి రాదు. పేరు ఉండి కూడా లేదంటుంది.

అందుకే పెద్దవాళ్లను బండెక్కించేటప్పుడు పది అంకెల పీఎన్ఆర్ కాగితం మీద రాసి చేతికివ్వాలి. ఒకే పీఎన్ఆర్ మీద ఆరుగురి దాకా ఉండొచ్చు కాబట్టి, పక్కనే పెట్టె, బెర్తు నంబర్లూ రాసివ్వడం మరీ మంచిది.