కనురెప్ప మీద కుట్టు మచ్చ: దాచుకోవద్దు, తొందరపడవద్దు



వయసు పైబడేకొద్దీ పై రెప్ప చర్మం వదులై కంటి మీదికి జారుతుంది. కింది రెప్ప దగ్గర సంచుల్లా ఉబ్బుతుంది. అదనంగా ఉన్న చర్మాన్ని, కొవ్వును సరిచేసే ఆపరేషన్‌ను బ్లెఫరోప్లాస్టీ అంటారు. 1818లో జర్మనీ వైద్యుడు ఫాన్ గ్రేఫె ఈ పేరు వాడినప్పుడు అది క్యాన్సర్ వల్ల పాడైన రెప్పను బాగుచేసే ఆపరేషన్. నేడు కొందరు చూపుకు అడ్డు తొలగడానికి, కొందరు ముఖం చక్కగా కనబడడానికి చేయించుకుంటున్నారు.

ఎందుకు చేయించుకున్నా, కుట్లు తీశాక అద్దంలో ఎర్రటి గీత కనబడగానే కంగారు పుడుతుంది. "సోకు కోసం చేయించుకుంది, అనుభవించనీ" అంటారేమోనని కొందరు మళ్ళీ డాక్టరు దగ్గరకు వెళ్ళరు. నల్ల కళ్ళజోడు పెట్టుకుని, మందుల షాపులో ఏదో ట్యూబు కొని రాసుకుంటారు. మచ్చకంటే ఈ దాపరికమే కంటికి ఎక్కువ కీడు చేస్తుంది.

మచ్చ ఎలా మానుతుంది?

మన శరీరంలో అన్నిటికంటే పల్చని చర్మం కనురెప్పదే. అందుకే అక్కడ గాయం త్వరగా, చక్కగా మానుతుంది. పై రెప్పలో కోతను సహజంగా ఉండే మడతలోనే పెడతారు. కింది రెప్పలో వెంట్రుకల అంచున, లేదా రెప్ప లోపలి వైపు పెడతారు. కుట్లు సాధారణంగా 5 నుంచి 7 రోజులకు తీస్తారు. తరువాత కొన్ని వారాలు గీత ఎర్రగా, కాస్త గట్టిగా ఉండడం సహజమే. అది మెత్తబడి చర్మంలో కలిసిపోవడానికి 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. చెవుల మీద, ఛాతీ మీద కండ పెరిగినట్టు వచ్చే కీలాయిడ్ మచ్చలు రెప్పల మీద చాలా అరుదు. ఇంట్లో పెళ్ళి ఉంటే దానికి నెల ముందు కాక, కనీసం ఆరు నెలల ముందే ఈ ఆపరేషన్ ఆలోచన చేయండి.

ఇంట్లో జాగ్రత్తలు

* చేతులు కడుక్కున్నాకే రెప్పను తాకండి. డాక్టరు రాసిన ఆయింట్‌మెంటే వాడండి.
* గాయం పూర్తిగా మానేవరకు కాటుక, పసుపు, నలుగు, ఆముదం దగ్గరకు రానీయకండి. విటమిన్ ఇ నూనె కూడా మచ్చను తగ్గిస్తుందన్న రుజువు లేదు. కొందరికి దురద, దద్దురు తెస్తుంది.
* ఎండ తగిలితే మన చర్మంలో మచ్చ నల్లబడుతుంది. గొడుగు, కళ్ళజోడు వాడండి.
* పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టకండి. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు గాయం మానడానికి కావాలి. షుగరు అదుపులో ఉండాలి. పొగతాగడం మానాలి.
* కుట్ల దారిలో ఆవగింజంత తెల్లటి పొక్కులు వస్తే గిల్లకండి. డాక్టరు సూదిమొనతో సులువుగా తీసేస్తారు.

ఆ ట్యూబుతో ప్రమాదం

షాపులో "మచ్చలకు మంచిది" అని ఇచ్చే క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెప్ప మీద నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడుతుంది. మందు కంటిలోకి చేరి ఒత్తిడి పెరిగి నీటికాసులు రావచ్చు, శుక్లం ముదరవచ్చు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు. ఇప్పటికే ఏదైనా రాస్తున్నట్లయితే ఆ ట్యూబును వెంట తెచ్చి చూపించండి. ఎవరూ కోప్పడరు. పేరు తెలిస్తే కంటి ఒత్తిడి పరీక్ష చేయాలో లేదో డాక్టరు నిర్ణయిస్తారు.

ఆసుపత్రిలో ఏం చేస్తారు?

గాయం మూసుకున్నాక డాక్టరు సిలికాన్ జెల్ రాయవచ్చు. దాన్ని పల్చగా, కంట్లో పడకుండా రాయాలి. రెండు మూడు వారాల తరువాత, వారు చూపిన విధంగా వేలికొసతో మృదువుగా మర్దన చేయమంటారు. మచ్చ ఉబ్బి గట్టిపడితే, కొలిచిన కొద్ది మోతాదు స్టెరాయిడ్‌ను మచ్చలోకే ఇంజెక్షన్‌గా ఇస్తారు. ఇది అనుభవమున్న చేతులతోనే జరగాలి. ఎరుపు తగ్గకపోతే లేజర్ ఉంది. అయితే మన ఛాయకు లేజర్ ఎక్కువైతే నల్లమరక మిగులుతుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి. మచ్చను కోసి మళ్ళీ కుట్టడం చివరి మార్గం. దానికి సాధారణంగా ఆరు నెలలైనా ఆగుతారు.

ఆగకూడనివి

ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో తీవ్రమైన నొప్పి, కన్ను ముందుకు ఉబ్బడం, చూపు మసకబారడం ఉంటే అర్ధరాత్రయినా వెంటనే ఆసుపత్రికి రండి. లోపల రక్తం చేరితే గంటల్లోనే చూపు పోవచ్చు. చీము, జ్వరం ఉన్నా ఆలస్యం చేయవద్దు. తరువాతి వారాల్లో మచ్చ లాగి కింది రెప్ప బయటికి తిరిగినా, నిద్రలో కన్ను మూసుకోకపోయినా చూపించుకోండి. తెరిచి ఉన్న కన్ను ఎండిపోయి నల్లగుడ్డు మీద పుండు పడుతుంది. నిద్రలో కన్ను మూతపడుతుందో లేదో రోగికి తెలియదు. ఇంట్లోవారే రాత్రి ఒకసారి గమనించాలి.

కుటుంబ సభ్యులకు ఒక మనవి. "ఎందుకు చేయించుకున్నావు?" అనే ప్రశ్న ఇప్పుడు అక్కరలేదు. "మళ్ళీ చూపించుకోవలసిన తేదీ ఎప్పుడు?" అని అడగండి, తోడుగా రండి.