కట్టెలో పండిన రుచి

డోంగ్లిలో ఓ వడ్రంగి వాకిట్లో తుమ్మమొద్దు పడి ఉంది. నిరుడు కొట్టించింది. ఎండకు పగుళ్లిచ్చి, వానకు నాని నల్లబడింది. ‘దీన్ని ఎప్పుడు పనిల పెడ్తవు తాతా?’ అనడిగితే, బాడిసె పక్కన పెట్టి, ‘ఇంకో ఎండకాలం పోవాలె బిడ్డా. పచ్చికట్టెతోని గిర్ర జేస్తే ఆకులు వదులైతయి’ అన్నాడు.

అమెరికాలో కెంటకీ, మిస్సోరి రాష్ట్రాల్లో పీపాలు చేసేవాళ్లను అడిగినా ఇంచుమించు ఇదే జవాబు వస్తుంది. అక్కడ తెల్ల ఓక్ పలకలను ఆరుబయట దొంతర్లుగా పేర్చి నెలల తరబడి, కొన్నిచోట్ల రెండేళ్ల దాకా వదిలేస్తారు. వాన పడ్డప్పుడల్లా కట్టెలోని చేదు కొంచెం కొంచెంగా కారిపోతుంది. బూజు పట్టి లోపలి గట్టిదనాన్ని మెత్తబరుస్తుంది. ఆ తర్వాతే పలక పీపా అవుతుంది. బోర్బన్ విస్కీ రుచి మొదలయ్యేది బట్టీ దగ్గర కాదు, ఆ దొంతర్ల దగ్గర.

డోంగ్లి కామారెడ్డి జిల్లా అంచున, తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినబడే చోట ఉంది. 2022లో మండలమైంది, అంతకుముందు మద్నూర్ మండలంలో ఉండేది. ఇక్కడ బోర్బన్ ఎవరూ కాయరు. అయినా ఆ కథ ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. కట్టెకూ పానీయానికీ ఉన్న లంకె ఈ నేలకు కొత్త కాదు.

చట్టం రాసిన రుచి

బట్టీ నుంచి దిగినప్పుడు బోర్బన్ నీళ్లలా ఉంటుంది. దాన్ని అక్కడ వైట్ డాగ్ అంటారు. మొక్కజొన్న వాసన, గొంతులో మంట తప్ప అందులో మనం ఎరిగిన బోర్బన్ లేదు. ఆ తేనె రంగు, వనిల్లా, పాకం వాసన, కొబ్బరి జీర అన్నీ తర్వాత వచ్చినవే. రుచిలో సగానికి పైగా పీపాదే అని తయారీదారులే చెబుతారు. రంగయితే పూర్తిగా పీపాదే, ఎందుకంటే బోర్బన్‌లో రంగు కలపడాన్ని చట్టం ఒప్పుకోదు.

ఆ చట్టం చదవదగ్గది. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతానికి మించకూడదు. పీపా ఓక్‌ది కావాలి, లోపల కాల్చి ఉండాలి, అన్నిటికంటే ముఖ్యంగా కొత్తది కావాలి. స్ట్రెయిట్ అని రాయాలంటే కనీసం రెండేళ్లు అందులో ఉండాలి. 1964లో అమెరికా కాంగ్రెస్ బోర్బన్‌ను తమ దేశపు ప్రత్యేక పానీయంగా గుర్తించింది. ఒక పానీయం రుచిని కాపాడటానికి పాత్ర ఎలా ఉండాలో చట్టంలో రాసిపెట్టిన సందర్భాలు తక్కువ. నాకు ఇందులో నచ్చేది అదే. పాత్రను వాళ్లు పాకంలో భాగంగా చూశారు.

మంజీర మొసలి వీపు

బండి గిర్రకు ఇనుప పట్టా ఎక్కించడం చూసినవాళ్లకు పీపా చేయడం తేలిగ్గా అర్థమవుతుంది. పిడకల మంటలో పట్టాను ఎర్రగా కాల్చి, పట్టుకార్లతో నలుగురూ ఎత్తి గిర్ర మీద కూర్చోబెడతారు. కట్టె భగ్గుమంటుంది. వెంటనే నీళ్లు గుమ్మరిస్తే పట్టా ముడుచుకుని ఆకుల్నీ పూటీల్నీ బిగించేస్తుంది. పీపాలోనూ పలకల మధ్య మేకు ఉండదు, జిగురు ఉండదు. సుమారు ముప్పై పలకలను నిలబెట్టి, ఆవిరితోనో మంటతోనో వేడి చేసి వంచి, ఇనుప పట్టీలతో బిగిస్తారు. సుమారు 200 లీటర్లు పట్టే ఆ పాత్ర చుక్క కారకుండా నిలుస్తుంది. ఆ ఘనత పనివాడిదే కాదు, చెట్టుది కూడా. తెల్ల ఓక్‌లో నీటిని మోసే గొట్టాలు వయసుతో వాటంతటవే మూసుకుపోతాయి. ఎర్ర ఓక్‌లో మూసుకోవు. దానితో పీపా చేస్తే కారుతుంది.

అప్పుడు లోపల నిప్పు పెడతారు. నాలుగో రకం కాల్పు అంటే సుమారు 55 సెకన్ల మంట. ఆర్పి చూస్తే లోపలి గోడ గళ్లుగళ్లుగా పగిలి మొసలి వీపులా ఉంటుంది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరూ అదే. మంజీర నది ఒడ్డున ఎండకు పడుకున్న మొసలిని చూసినవాళ్లకు వేరే పోలిక అక్కర్లేదు.

ఆ నిమిషంలో కట్టెలో ఎంత జరుగుతుందో చూడండి. పైన ఏర్పడిన బొగ్గు మన నీళ్ల ఫిల్టర్‌లోని బొగ్గులాగే పనిచేస్తుంది, పచ్చి సారాలోని గంధకపు వాసనను పట్టేసుకుంటుంది. బొగ్గు కింద ఓ ఎర్రటి పొర ఉంటుంది. అక్కడ కట్టె కాలదు, వేగుతుంది. హెమీసెల్యులోజ్ అనే పదార్థం విరిగి చక్కెరలై పాకం పడుతుంది. బెల్లం పాకం ముదిరేటప్పుడు వచ్చే వాసన అదే. కట్టెకు గట్టిదనమిచ్చే లిగ్నిన్ విరిగి వనిలిన్ అవుతుంది, అంటే వనిల్లా ఐస్‌క్రీములో ఉండే వాసనే. లవంగపు జీర కూడా అక్కడిదే. కొబ్బరి వాసన ఓక్ లాక్టోన్లది. నాలుక మీద నిలిచే వగరు టానిన్లది.

ఒకే చెట్టులోనూ అన్ని భాగాలూ ఒకలా ఉండవు. కెంటకీలోని బఫెలో ట్రేస్ కంపెనీ 1999లో 96 ఓక్ చెట్లను ఎంచి, ఒక్కో చెట్టు పై భాగంతో ఒకటి, మొదలుతో ఒకటి చొప్పున 192 పీపాలు చేయించింది. ఏళ్ల తరబడి జనానికి రుచి చూపించి మార్కులు వేయించింది. 2015లో గెలిచిన 80వ పీపా చెట్టు మొదలుది. మా వడ్రంగి తాతకు ఈ సంగతి చెబితే ఆయనేం ఆశ్చర్యపోలేదు. ‘మొదలు కట్టె వేరు, కొస కట్టె వేరు’ అని ఊరుకున్నాడు.

నిప్పుకు ముందా, తర్వాతా?

తుమ్మమొద్దు దగ్గరికే మళ్లీ వద్దాం. నల్లతుమ్మ కట్టె గిర్రకు, నాగలికి పనికొస్తే, చెక్క, అంటే బెరడు, తోళ్లకు పనికొచ్చింది. పాతరోజుల్లో లందల్లో తోలును ఊనింది తుమ్మచెక్క, తంగేడు చెక్కల వగరే. ఆ వగరుకే ఇంగ్లీషులో టానిన్ అని పేరు. తోలును గట్టిపరిచే పదార్థమూ, బోర్బన్‌కు ఒడ్డు పొడుగూ ఇచ్చే పదార్థమూ ఒకే కుదురుకు చెందినవి.

తుమ్మచెక్క సారా కుండలోకీ పోయింది. ఎక్సైజు దాడుల వార్తల్లో నల్లబెల్లం, పటికతోపాటు తుమ్మచెక్క పేరు ఎన్నోసార్లు చదివాం. తెల్లతుమ్మ చెక్కను బెల్లంతో, తాటికల్లుతో సారా తీసేటప్పుడు వేసే అలవాటును వృక్షశాస్త్ర గ్రంథాలే నమోదు చేశాయి. చెక్కలోని టానిన్ పులుపులోని మాంసకృత్తులను అడుగుకు దింపుతుందని కారణమూ చెప్పాయి. గుడుంబా ఎన్ని ఇళ్లను కూల్చిందో చూసినవాణ్ని, దాన్ని మెచ్చుకోను. కానీ అందులోని పని తెలుసుకోవాలి. మనవాళ్లు కట్టెను నిప్పుకు ముందు వేశారు. టానిన్ ఆవిరితో పైకి లేవదు, కుండలోనే మిగిలిపోతుంది. కెంటకీవాళ్లు కట్టెను నిప్పు తర్వాత తెచ్చారు. బట్టీ దిగిన సారాను కట్టెలో పోసి కూర్చున్నారు. వగరు, రంగు, తీపి అన్నీ అందులోనే ఉండిపోయాయి. తేడా అంతా ఆ వరసలో ఉంది.

కల్లుదీ పాత్ర కథే. పాత లొట్టి గోడల్లో నిన్నటి పులుపు బతికే ఉంటుంది కాబట్టే ఈతచెట్టు గీత నుంచి కారిన నీరు చెట్టు మీదే పొంగడం మొదలవుతుంది. లొట్టికి సున్నం పూస్తే అది నీరాగా మిగులుతుంది. పొద్దున తియ్యన, సాయంత్రానికి పుల్లన. కల్లుకు కాలం శత్రువు. బోర్బన్‌కు కాలమే సరుకు.

ఎండ తాగేసే వాటా

కెంటకీ గోదాముల్లో వేసవికి సారా వ్యాకోచించి కట్టెలోకి దూరుతుంది, చలికాలం ముడుచుకుని బయటికొస్తుంది. దూరిన ప్రతిసారీ కొంత రుచి పట్టుకొస్తుంది. పై అంతస్తు పీపాలు ఎండకు త్వరగా ముదురుతాయి, కిందివి నెమ్మదిగా. కెంటకీ జనాభా 45 లక్షలు, అక్కడ నిద్రపోతున్న పీపాలు కోటికి పైగా.

ఈ రాకపోకల్లో కొంత గాలిలో కలుస్తుంది. దాన్ని దేవదూతల వాటా అంటారు. చల్లటి స్కాట్లాండ్‌లో ఏటా రెండు శాతం పోతే, బెంగళూరులో పది శాతం దాటుతుంది. లెక్క వేసి చూడండి. 200 లీటర్లలో పన్నెండేళ్లకు స్కాట్లాండ్‌లో సుమారు 157 లీటర్లు మిగిలితే, బెంగళూరులో 56 దగ్గర ఆగిపోతుంది. అందుకే బెంగళూరు అమృత్ డిస్టిలరీ తన సింగిల్ మాల్ట్‌ను మామూలుగా అంతకాలం ఉంచదు. 2004లో ఆ విస్కీని మొదట గ్లాస్గోలో విడుదల చేసి, ఎండదేశంలో నాలుగైదేళ్లు చాలని రుజువు చేసింది. అది పండేది ఎక్కువగా బోర్బన్ దిగిన పాత పీపాల్లోనే. చట్టం కొత్త పీపానే అడుగుతుంది కాబట్టి కెంటకీ వాడేసిన పీపాలు స్కాట్లాండ్‌కూ మన దేశానికీ వస్తాయి.

పాత పీపా మరోచోట కొత్త రుచి ఇస్తుందన్న ఎరుకే ఫినిషింగ్‌కు మూలం. ఒక పీపాలో పండినదాన్ని చివర్లో కొన్ని నెలలు ఇంకో కట్టెకు మార్చడమే ఆ పని. 2010లో కెంటకీ కంపెనీ మేకర్స్ మార్క్ పండిన బోర్బన్ పీపాలో కాల్చిన ఫ్రెంచి ఓక్ పలకలు పది దించింది. ఏంజెల్స్ ఎన్వీ పోర్ట్ వైన్ దిగిన పీపాలోకి మార్చి ఎండుద్రాక్ష, అల్లనేరేడు లాంటి జీర తెచ్చింది. వుడ్‌ఫర్డ్ రిజర్వ్ 2012లో రెండో కొత్త పీపాలో పోసింది. అమృత్ ఒకే పీపాకు వేర్వేరు ఓక్ పలకలు బిగించి చూసింది. ఇది పోపు లాంటిది. పప్పు బాగా ఉడికితేనే పోపు నిలబడుతుంది. పచ్చి సారాకు ఎంత మంచి పీపా తెచ్చినా లాభం లేదు.

మన సీసాలో ఏముంది?

1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువలెక్కాయి, చెరకు పెరిగింది, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. చెరకు ఉన్నచోట మొలాసిస్ ఉంటుంది, మొలాసిస్ ఉన్నచోట ఆల్కహాల్ ఉంటుంది. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మే చౌక సరుకులో ఎక్కువ భాగానికి మూలం ఈ మొలాసిస్ ఆల్కహాలే. దానికి రుచి, కారమెల్ రంగు కలుపుతారు. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. అక్కడ ధాన్యంతో కాచాలి, కట్టెలో మూడేళ్లు ఉంచాలి. మన కొనుగోలుదారుకూ ఆ నిజం తెలియాలని నా కోరిక. రెండు సీసాల రంగూ ఒకటే. ఒకటి ఏళ్ల తరబడి కట్టె ఇచ్చింది, ఇంకోటి చెంచాతో కలిపింది. కాబట్టి రంగు చూసి కాకుండా లేబుల్ మీది చిన్న అక్షరాలు చదివి నిర్ణయించుకోండి.

ఇంకొక్క మాట. అమెరికా నుంచి వచ్చిన అల్లుడు తెచ్చిన సీసాను ‘పాతబడితే ఇంకా బాగుంటుంది’ అని బీరువాలో దాచేవాళ్లు మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. గాజులో కట్టె లేదు. సీసాలోకి దిగిన రోజునే విస్కీ వయసు ఆగిపోతుంది. మీరు పదేళ్లుగా దాచిన పన్నెండేళ్ల సీసా ఇప్పటికీ పన్నెండేళ్లదే.