ఏసీ డ్రెయిన్: వాష్‌బేసిన్ కింద ఆ సన్న పైపు ఏంటి? మూసేస్తే సీలింగ్ నుంచి నీళ్లే!

అమెరికాలోని టెక్సాస్ లాంటి చోట్ల ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ప్లంబర్‌ని పిలిస్తే బిల్లు గట్టిగానే పడుతుంది కాబట్టి చిన్న రిపేర్లు సొంతంగానే చేసుకుంటుంటారు. అలా వాష్‌బేసిన్ డ్రెయిన్ మారుద్దామని కింద కప్‌బోర్డ్ తెరిస్తే ఒక్కోసారి ఓ వింత కనిపిస్తుంది. బేసిన్ నుంచి దిగే పైపుకి పక్కనుంచి ఇంకో సన్న పైపు వచ్చి కలుస్తుంది. అది బేసిన్‌ది కాదు.. ఏసీది!

మన దగ్గర స్ప్లిట్ ఏసీ నీళ్ల పైపుని బాల్కనీలోకో, బాత్‌రూమ్‌లోకో వదిలేస్తారు. అక్కడ ఇల్లంతటికీ సెంట్రల్ ఏసీ. చాలా ఇళ్లలో యూనిట్ అటక మీదే ఉంటుంది. గాల్లోని తేమ చల్లటి కాయిల్‌కి తగిలి నీళ్లుగా మారుతుంది. ఉక్కపోత రోజుల్లో ఆ నీళ్లు బకెట్ల కొద్దీ వస్తాయి. వాటిని నేరుగా మురుగు లైన్‌లో కలపకూడదు. కలిపితే మురుగు గ్యాస్ ఏసీలోకి ఎక్కి ఇల్లంతా తిరుగుతుంది. అందుకే దగ్గర్లోని బేసిన్ పైపుకి కలుపుతారు, అదీ ట్రాప్ కంటే పైన. ట్రాప్ అంటే బేసిన్ కింద వంపు తిరిగిన పైపు. అందులో నిలిచి ఉండే నీళ్లే గ్యాస్‌ని ఆపుతాయి.

అసలు చిక్కు షాపులో మొదలవుతుంది. కొత్త డ్రెయిన్ సెట్‌లో వచ్చే టెయిల్‌పీస్ మామూలుగా తిన్నని గొట్టం. దానికి పక్క దారి ఉండదు. ఇక ఏసీ పైపుని ఏం చేయాలో తెలియక కొందరు మూత పెట్టేస్తారు, ఇంకొందరు కప్‌బోర్డ్‌లోనే వదిలేస్తారు. మూసిన పైపులో నీళ్లు వెనక్కి ఎక్కుతాయి. ఫ్లోట్ స్విచ్ ఉంటే ఏసీ ఆగిపోతుంది. లేకపోతే యూనిట్ కింది ట్రే నిండుతుంది. ఆ ట్రే పైపుని చాలాచోట్ల కిటికీ పైనో, చూరు దగ్గరో బయటికి పెడతారు.. చూసేవాళ్లకి తెలియాలనే. అక్కడ చుక్కలు పడుతున్నాయంటే లోపల అసలు లైన్ మూసుకుపోయినట్టే. ఆ దారి కూడా పూడిపోతే తడిసేది సీలింగే.

అడగాల్సింది ‘బ్రాంచ్ టెయిల్‌పీస్’. బేసిన్ పైపు సైజు సాధారణంగా 1.25 అంగుళాలు. సింక్‌కి వాడే 1.5 అంగుళాలది తెస్తే నేరుగా సరిపోదు. పాత ముక్కని చేతిలో పట్టుకెళ్లడం ఉత్తమం. ఏసీ పైపు సైజు కూడా కొలుచుకోండి.

పని మొదలుపెట్టే ముందు ఏసీ ఆపేయాలి, లేదంటే విప్పిన పైపులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ట్రాప్ కింద బకెట్ పెట్టాలి. ప్లాస్టిక్ నట్లు చేత్తో బిగించి, ఆపైన కొద్దిగా తిప్పితే చాలు. బలం చూపిస్తే పగులుతాయి!

బిగించాక బేసిన్ నింపి వదిలి చూస్తారు అందరూ. కానీ దాంతో ఏసీ జాయింట్ సంగతి పూర్తిగా తేలదు. ఏసీ ఓ గంట నడిపి, ఆ జాయింట్ చుట్టూ పొడి టిష్యూ అద్ది చూడాలి.

చలికాలంలో ఏసీ నడవదు. గెస్ట్ బాత్‌రూమ్ బేసిన్ కూడా వాడకపోతే ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి వాసన వస్తుంది. అప్పుడప్పుడు ఓ చెంబెడు నీళ్లు పోస్తే సరి.