కొత్తవాడ జంపఖానా చెప్పిన లెక్క

"సార్, ఫార్ములా పెడితే ఒడుస్తది గదా, ఈ విడగొట్టుడెందుకు?"

వర్గ సమీకరణాల పాఠం వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు. హనుమకొండలో పాతికేళ్లుగా పదో తరగతికి లెక్కలు చెప్తున్నాను, ఏటా వింటూనే ఉన్నాను. ఈసారి అడిగిన అమ్మాయిది వరంగల్ కొత్తవాడ, ఇంట్లో మగ్గం ఉంది. మన వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, అవి నేసే వాడ అది. అందుకే జంపఖానా లెక్కే ఇచ్చాను. పొడవు వెడల్పు కన్నా 3 అడుగులు ఎక్కువ, వైశాల్యం 40 చదరపు అడుగులు. కొలతలెంత?

పుస్తకంలో ఎక్స్ ఉంటుంది. నేను మొదటి రోజు 'వె' అని రాయిస్తాను, అది వెడల్పన్న సంగతి మరిచిపోకుండా. వె(వె + 3) = 40 అని సరిగ్గానే రాసింది. కింద వెంటనే 'వె = 40 లేదా వె + 3 = 40' అని వేసింది. ఏటా సగం నోటుబుక్కుల్లో కనిపించే తప్పే ఇది.

"నలభై అడుగుల వెడల్పు జంపఖానా మీ మగ్గం మీద పడ్తదా బిడ్డా?" అన్నాను. నవ్వి కొట్టేసింది.

కిటుకంతా ఇక్కడే ఉంది. రెండు సంఖ్యల లబ్ధం 40 అంటే అవి 5, 8 కావచ్చు, 4, 10 కావచ్చు, అర, 80 కూడా కావచ్చు. ఏదీ తేలదు. లబ్ధం సున్నా అయితే మాత్రం రెంటిలో ఒకటి సున్నా అయి తీరాలి. సున్నాకున్న ఈ గుణం మరే సంఖ్యకూ లేదు. అందుకే 40ని ఇవతలికి తెచ్చి వె² + 3వె − 40 = 0 అని రాస్తాం.

ఇక గుణిస్తే −40, కూడితే 3 వచ్చే జత కావాలి. 20, −2 వేసి చూసింది, 18 వచ్చింది. 10, −4 వేసింది, 6. 8, −5 దగ్గర కుదిరింది. మధ్య పదాన్ని 8వె − 5వె అని విడగొడితే (వె + 8)(వె − 5) = 0. వె విలువ 5 గానీ −8 గానీ. మైనస్ ఎనిమిది అడుగుల బట్ట ఉండదు కాబట్టి వెడల్పు 5, పొడవు 8.

అన్నీ ఇలా విడిపోవు. వైశాల్యం 39 అయితే పూర్ణసంఖ్యల జత దొరకదు, అక్కడ ఫార్ములాయే దిక్కు.

విడిపోయే లెక్కలు పాత పుస్తకాల్లోనూ ఉన్నాయి. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఒంటెల లెక్క ఉంది. మందలో నాలుగో వంతు అడవిలో, మంద వర్గమూలానికి రెట్టింపు కొండవాలున, 15 ఏటి ఒడ్డున. మొత్తం ఎన్ని? వర్గమూలాన్ని 'మూ' అనుకుంటే (మూ − 6)(3మూ + 10) = 0. ఒంటెలు 36. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కల్ని మన మాటల్లో చెప్పుకోవడం మనకు అంత పాతది.

తోటి టీచర్లకు నా విన్నపం ఒక్కటే. మొదటి వారం బోర్డు మీద ఫార్ములా రాయకండి, జతలు వెతకనివ్వండి. తల్లిదండ్రులూ ఈ రాత్రి పిల్లల్ని ఈ లెక్క అడగండి: పొడవు 4 అడుగులు ఎక్కువ, వైశాల్యం 60. జంపఖానా కొలతలెంత?