మీకు తెలుసా? రెండు ఆస్కార్ల నటి, 23 ఏళ్ల ఎంపీ

బ్రిటిష్ నటి గ్లెండా జాక్సన్ (1936–2023) తాపీమేస్త్రీ కూతురు. మందుల షాపులో కౌంటర్ దగ్గర పనిచేసి నటనలోకి వచ్చారు. ‘విమెన్ ఇన్ లవ్’, ‘ఎ టచ్ ఆఫ్ క్లాస్’ చిత్రాలకు ఉత్తమ నటిగా రెండు ఆస్కార్లు గెలిచినా ఆ వేడుకలకు వెళ్లలేదు. 1992లో నటన మానేసి లేబర్ పార్టీ ఎంపీ అయ్యారు. సినిమా పేరుతోనే గెలిచారని ఎవరైనా అనవచ్చు. మొదటి గెలుపు వరకు అది కొంత నిజం కావచ్చు. కానీ వరసగా ఐదుసార్లు గెలవడానికి పాత సినిమాల పేరొక్కటే చాలదు. 2010లో ఆమె మెజారిటీ కేవలం 42 ఓట్లు. అంత గట్టి పోటీలో ప్రతి ఓటూ కష్టపడి తెచ్చుకోవాల్సిందే. మంత్రిగా పనిచేసిన ఆమె, ఇరాక్ యుద్ధం విషయంలో సొంత పార్టీ ప్రభుత్వాన్నే విమర్శించారు.

ఇన్నేళ్లు దూరమైతే నటన మొద్దుబారదా? 2015లో పార్లమెంటు వదిలాక, మరుసటి ఏడాది 80 ఏళ్ల వయసులో లండన్ ఓల్డ్ విక్ రంగస్థలంపై కింగ్ లియర్‌గా పురుష పాత్ర పోషించారు. 2018లో ‘త్రీ టాల్ విమెన్’ నాటకానికి టోనీ అవార్డు అందుకున్నారు. రాజకీయం ఆమెకు అలంకారం కాదు, నటనంత నిష్ఠగా చేసిన రెండో వృత్తి.